కార్తీక బహుళ ద్వాదశి

నా దస్తూరీ బాగుంటుంది. ఈ మాట గొప్పకు చెప్పుకోవడం లేదు. నేను చేసిన పాపానికి మూలం అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు యెహెజ్కేలు. నిడదవోలుకు కోసున్నర దూరంలో రేవుపాలెం పక్కనున్న మాలపల్లెలో మిషను వాళ్ల పాక బడికి మేస్టర్ని. ఊరికీ మా పల్లెకీ మధ్య కాలవ. కాలవ నీళ్లు ఇద్దరివీ ఒకటే గాని రేవులు వేరు. బడి పాక ఉన్న దిబ్బ ఊరి కామందు గంగరాజు గారిది. పల్లెలో ఆడా మగా అందరూ ఊడ్పులకీ కోతలకీ ఆయన చేలోకే వెళతారు. ఆయన దిబ్బ ఖాళీ చెయ్యమంటే పలకలూ బల్లా నెత్తిన పెట్టుకుని గట్టున నిలబడాల్సినవాణ్ణి. ఇది మరిచిపోవద్దు. నేనైతే ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

1899లో రాజమండ్రిలో చంద్రరావు గారనే ఆయన ఇరవై ఏళ్ల కిందటి మన్యం ఫితూరీ మీద ఇంగ్లీషులో పుస్తకం రాస్తున్నారు. డిప్యూటీ కలెక్టరు పని చేసి పింఛను పుచ్చుకున్న మనిషి. కళ్లలో శుక్లాలు రావడంతో ఆయన చెబితే రాసిపెట్టడానికీ, తిరిగి సంగతులు పోగుచెయ్యడానికీ ఒకడు కావాలన్నారట. మా మిషను దొరగారు నా పేరు చెప్పారు. శనాదివారాలు నేను కొవ్వూరు వెళ్లి, గోదావరి దాటి, ఆయన అరుగు చివర కూర్చుని రాసేవాణ్ణి. అప్పటికి రైలు వంతెన ఇంకా పూర్తి కాలేదు.

ఆ పుస్తకంలో ఒక ప్రకరణం మా కామందు ఇంటిది. గంగరాజు గారి తండ్రి మన్యం నుంచి చింతపండు దింపి అమ్మేవాడు. ఇద్దరు కొడుకులకీ కొండదారులన్నీ కొట్టిన పిండి. కల్లు మీద పన్నేసి సర్కారు కొండవాళ్ల ప్రాణం తీస్తే వాళ్లు తిరగబడ్డారు, ఠాణాలు తగలబెట్టారు. పోలీసు పటాలం వచ్చింది. పటాలానికి దారి చూపించడానికి పెద్దవాడు గంగరాజు వెళ్లాడు. చిన్నవాడు బుల్లబ్బాయి ఫితూరీదార్లలో కలిశాడు. ఒక కంచంలో తిన్నవాళ్లు చెరో ఒడ్డున నిలబడ్డారు. బుల్లబ్బాయి మళ్లీ ఇంటికి రాలేదు.

ఏమయ్యాడన్నదే తగువు. గంగరాజు గారు పదేళ్ల కిందట ముప్పై పేజీల పుస్తకం అచ్చు వేయించి సర్కారు ఉద్యోగస్తులకు పంచారు. ‘నా తమ్ముడు గోదావరి దాటి బస్తరు వైపు పారిపోయినాడు. ఆ శీతకాలమంతయు నేను చలిజ్వరముతో రాజమండ్రి ఆసుపత్రిలో ఉంటిని. తరువాత వానిని కాశీలో చూచినవారున్నారు. నా మరదలు నేటికిని ముత్తయిదువగా మా ఇంట నున్నది’ అని అందులో ఉంది. ఇక రెండో కథ సత్తియ్యది. సత్తియ్య మన్యంవాడు, బుల్లబ్బాయితో పాటు అడవుల్లో తిరిగి, పట్టుబడి, పన్నెండేళ్లు జైల్లో ఉండి వచ్చినవాడు. బుల్లబ్బాయి చచ్చిపోయాడనీ, తను కళ్లారా చూశాననీ అంటాడు.

“రెండూ నిజం కాలేవు కదా. ఏది నిజమో తేల్చుకుని రా. పీఠికలో నీ పేరు వేస్తాను” అన్నారు చంద్రరావు గారు.

నా పేరు ఇంగ్లీషు పుస్తకంలో! ఆ రోజు గోదావరి దాటేటప్పుడు పడవలో నా కాళ్లు నేలమీద లేవు.

ముందు సత్తియ్య దగ్గరికి వెళ్లాను. కొవ్వూరు రేవులో వెదురు తెప్పలు విప్పే పని చేస్తున్నాడు. మనిషి ఎముకల గూడు. రెండు మాటలకొకసారి దగ్గు. నేను రాసుకునే పుస్తకం తీసేసరికి, “ఇన్నాళ్లకి ఎవరో ఒకరు అడిగారండి” అని పని వదిలేసి ఇసకలో కూలబడ్డాడు.

“తెల్లారగట్లండి. సందమామ కొడవలంత ఉన్నాడు, అప్పుడే లేచాడు. మీ ఊళ్లల్లో దీపాలెట్టే నెల. వాగవతల జీలుగు చెట్లల్లో ఏడుగురం పడుకున్నాం. ఇవతలి ఒడ్డునించి గంగరాజు గారు కేకేశారండి. ‘ఒరే బుల్లోడా, అమ్మకి బాలేదురా, నిన్ను చూడాలంటందిరా’ అని. నేను చెయ్యట్టుకు లాగానండి. ఇనలేదు. అన్నయ్య గొంతురా, అబద్ధం చెప్పడు అన్నారు. వాగులోకి మోకాల్లోతు దిగారు. తుపాకులు పేలాయి.”

సత్తియ్య దగ్గి, ఇసకలో ఉమ్మి, నా పెన్సిలు వైపు చూశాడు.

“ఇంకోటి కూడా రాయండి. పేలేటప్పుడు గంగరాజు గారు ‘కాల్చొద్దు, కాల్చొద్దు’ అని అరిచారండి. పోలీసులు ప్రాణాలతో పట్టుకుంటామని చెప్పి తీసుకొచ్చుంటారు ఆయన్ని. నాకాయనంటే గిట్టదు. అయినా అరిచింది అరిచినట్టు రాయండి.”

“నువ్వు ఇదంతా ఎందుకు రాయించుకుంటున్నావు సత్తియ్యా?” అని అడిగాను.

“ఆరుగురం దొరికాం. నలుగుర్ని ఉరేశారు. ఏడో ఆయన పారిపోయాడని అచ్చేసుకున్నారు కదండీ. మరి మావోళ్లేమనుకుంటారు? ఆయనే పట్టించి పోయాడనుకోరా? మాకోసం సచ్చినోణ్ణి మావోళ్లే తిడుతున్నారండి.”

నాకు సత్తియ్య మాట మీద నమ్మకం కుదిరింది. కాని నమ్మకం వేరు, రుజువు వేరు. జైలుకెళ్లొచ్చినవాడి మాటకీ, కామందు అచ్చేయించిన మాటకీ పోటీ పెడితే ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో నాకు తెలుసు.

తరవాత గంగరాజు గారిని చూడబోయాను. “ద్వాదశి నాడు తప్పించి ఎప్పుడైనా రా” అని కబురంపారు. మా నాన్న కాలం నుంచీ మేము తిథులు చూడటం మానేశాం. ఆదివారం తెలిస్తే చాలు, మిగతా ఆరూ దేవుడే చూసుకుంటాడనేవాడు నాన్న. నేను దాన్ని ఒక గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ద్వాదశి ఎప్పుడో కనుక్కోకుండానే ఒక బుధవారం, బడికి సెలవు పెట్టి వెళ్లాను. వెళ్లింది సరిగ్గా ద్వాదశి నాడు.

నన్ను పశువుల చావిట్లో కూర్చోమన్నారు. నాలాంటివాణ్ణి ఆ ఇంట్లో కూర్చోబెట్టే చోటు అదే. ఎద్దులు నాకేసి చూసి మళ్లీ నెమరేసుకున్నాయి. వాటికి నా కులంతో పని లేదు. అక్కణ్ణించి వాకిలంతా కనబడుతుంది. ఒక పురోహితుడు వచ్చాడు. గంగరాజు గారు తడిబట్టలతో చేట పట్టుకుని నిలబడ్డారు. అందులో బియ్యం, పప్పు, చింతపండు, నెయ్యి గిన్నె, రెండు పెద్ద పెండలం దుంపలు. ఆయన పెదాలు కదిపారు. పురోహితుడు నీళ్లు విడిపించి, అవన్నీ మూటగట్టుకుని వెళ్లిపోయాడు. నేను పుస్తకంలో ‘కామందు గారింట ఏదో పూజ’ అని రాసుకుని, మన పనికి సంబంధం లేదని కొట్టేశాను.

అప్పుడు మజ్జిగ చెంబుతో మాణిక్యాంబ గారు వచ్చారు. బుల్లబ్బాయి భార్య. ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో ఏళ్లుంటాయి. నుదుట రూపాయి కాసంత బొట్టు, మోచేతుల దాకా గాజులు. ఆ ఊళ్లో ఏ పెళ్లయినా మొదటి పసుపు కొట్టేది ఆవిడే. చేతులు చాస్తే పైనుంచి దోసిట్లో మజ్జిగ పోశారు.

“బావగారు ఇవాళ మాట్లాడరు. నువ్వు తిథి చూసుకోకుండా వచ్చావు మేస్టారూ.”

“మాకు తిథులుండవండి అమ్మగారూ.”

“చచ్చినవాళ్లకి కూడా ఉండవా?” అన్నారు ఆవిడ.

నేను నవ్వి, పని కోసం పుస్తకం తీశాను. మీ భర్తగారి పేరు మీ నోటితో చెప్పి, ఇంటినుంచి ఎప్పుడు వెళ్లారో చెబితే రాసుకుంటానన్నాను. ఆవిడ చెంబు పక్కన పెట్టి నన్ను వింతగా చూశారు.

“ఆయన పేరు నేనెలా చెప్తానయ్యా? నీకు తెలుసుగా, నువ్వే రాసుకో. ఎవరేం చెప్పినా, నీకు ఏం తేలినా, ముందు నాకు చెప్పు. మాఘమాసంలో చిన్నమ్మాయి పెళ్లి.”

అలాగేనన్నాను. చిన్నమ్మాయి గంగరాజు గారి కూతురు. తల్లి పురిట్లో పోతే ఎనిమిదో రోజునుంచీ పెంచింది మాణిక్యాంబ గారే. నాకు అప్పుడు తట్టింది. సత్తియ్య చెప్పింది నేను నిజమని రాస్తే ఈవిడ ఆ పెళ్లిపందిట్లో నిలబడ్డానికి లేదు. పెంచిన పిల్లకి తలంబ్రాలు కలపడానికి లేదు, అక్షింతలు వెయ్యడానికి లేదు. పెళ్లయిందాకా ఏ చీకటి గదిలోనో కూర్చోవాలి. నా పెన్సిలు కొన మీద ఆవిడ బొట్టు ఉంది.

తిరిగి వస్తుంటే కాలవ గట్టున ఆ పురోహితుడు మూట దించుకుని రొప్పుతున్నాడు. నాకూ ఆయనకూ మధ్య ఎంత దూరం ఉండాలో అంత దూరంలో నిలబడి, “ఇవాళ ఏం పూజండి?” అన్నాను.

“పూజ కాదోయ్, స్వయంపాకం. చచ్చిపోయిన తిథికి వంట సరుకు బ్రాహ్మడికిస్తారు. చచ్చినవాడికి ఏది ఇష్టమో అది చేటలో వేస్తారు.”

“వాళ్ల నాన్నగారిదా?”

“నాన్నగారిది మాఘంలో. తల్లిది శ్రావణంలో. ఇది ఎవరిదో ఆయనకే తెలియాలి. పేరు గట్టిగా చెప్పడు, పెదిమ కదిపి ఊరుకుంటాడు. మా నాన్నగారి రోజుల్లో మొదలైంది. ఫితూరీ అయిన మరుసటేడు నించీ.”

నేను అక్కడే నిలబడిపోయాను. “మనిషి కనబడకుండా పోతే, ఏ రోజు పోయాడో తెలియకపోతే ఏం చేస్తారండి?”

“పన్నెండేళ్లు ఎదురుచూడాలి. అప్పటికీ రాకపోతే బొమ్మ చేసి దహనం చేసి, అప్పుడు మొదలెట్టాలి. తిథి తెలియదు కాబట్టి అమావాస్య నాడు పెట్టుకుంటారు.” ఆయన మూట ఎత్తుకున్నాడు. “కార్తీక బహుళ ద్వాదశి అని ఖాయంగా పెట్టాడంటే, పోయినప్పుడు దగ్గరున్నట్టే కదూ.”

బహుళ ద్వాదశి నాడు చంద్రుడు తెల్లవారుజామున కొడవలంత లేస్తాడు. దీపాలు పెట్టే నెల కార్తీకం. సత్తియ్యకు తిథులు తెలియవు, గంగరాజు గారికి తెలుసు. ఇద్దరూ చెప్పింది ఒకే రోజు. సర్కారుకి అబద్ధం రాసి అచ్చేయించినవాడు, ఊరికి అబద్ధం చెప్పినవాడు, తమ్ముడికి పెట్టే కూటిలో మాత్రం అబద్ధం ఆడలేకపోయాడు. పన్నెండేళ్లు ఆగలేదు. ఏడాది తిరిగీ తిరగ్గానే పెట్టాడు. నేను కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ రాసుకున్నాను.

ఆవిడకు మాటిచ్చాను కదా. రెండు రోజులు ఆగాను. మూడో రోజు చావిట్లో కూర్చుని సత్తియ్య చెప్పింది, పురోహితుడు చెప్పింది, గంగరాజు గారి కేకతో సహా, మొత్తం చెప్పేశాను. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ ఎద్దు మెడ కింద గోకుతూ విన్నారు.

“అమ్మకి బాలేదనా పిలిచింది?” అన్నారు. “అది మాత్రం నాకు తెలీదు.”

“మిగతాది తెలుసా అండి?”

“తొలి ఏడాది చేట సర్దింది నేనే కదా. బావగారు ఏటిగట్టుకెళ్లి పెండలం తవ్వుకొచ్చి చేటలో వేశారు. మా ఇంట్లో పెండలం తినేది మా ఆయనొక్కరే. మిగతావాళ్లం ముట్టం. ఆ దుంపలు చూశాను, బావగారి మొహం చూశాను. అయిపోయింది.”

“మరి ఈ ఇరవై ఏళ్లూ...”

“అత్తగారు ఉన్నారు. బొట్టు తీస్తే ఆవిడ ఆ రోజే పోయేది. ఆవిడ పోయేనాటికి చిన్నమ్మాయి నా ఒళ్లో పడింది. తల్లి లేని పిల్లకి నేను కూడా ఎదురొస్తే అపశకునం అయిపోతే ఎలా?” ఆవిడ గొంతు అప్పుడు మారింది. “ఇంకోటుంది. నీతో చెప్తున్నా. పొద్దున్న లేచి బొట్టు పెట్టుకుని బావగారికి ఎదురెళ్తాను. రోజూ. ఒక్కరోజు కూడా తలెత్తి చూడలేదు మేస్టారూ. మీ సత్తియ్యని పన్నెండేళ్లకి వదిలేశారు. ఈయన్ని నేను వదల్లేదు.”

నాకు ఆవిడంటే భయం వేసింది, చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

“ఇక చాలు. ఈ పెళ్లి కానీ. అయ్యాక నీ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయించు. నేను చెప్తే పిచ్చిదంటారు. అచ్చులో పడితే ఊరు నమ్ముతుంది. మా ఆయనకి పేరు పెట్టి నీళ్లొదలాలి మేస్టారూ. ఇరవై ఏళ్లుగా దొంగతిండి పెడుతున్నారు ఆయనకి. పేరు లేకుండా పెడితే ఎవరికి చేరుతుంది?”

“అలాగేనండి” అన్నాను. “ఆయ్, తప్పకుండానండి” అని రెండోసారి కూడా అన్నాను.

మాఘంలో పెళ్లి జరిగింది. అయిదు రోజుల పెళ్లి. మా పల్లెవాళ్లం కాలవ అవతలే ఆకులు పరుచుకుని తిన్నాం. ఊరేగింపులో పిల్ల పక్కన నడిచి వచ్చింది మాణిక్యాంబ గారు. నా వైపు ఒకసారి చూశారు.

ఆ వారమే నేను ఇరవై పేజీలు రాసుకుని చంద్రరావు గారికి చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నారు. మెచ్చుకుంటారని ఎదురు చూశాను.

“సత్తియ్య ఎక్కడున్నాడు?”

“మొన్న పుష్యంలో పోయాడండి. దగ్గుతో.”

“అంటే వేలిముద్ర కూడా లేదు. గంగరాజుది సంతకం పెట్టి అచ్చేసిన మాట. ఇక నీ రుజువు, తద్దినం తిథి. ఏ కోర్టులోనైనా నవ్వుతారు.”

“వాళ్లింటావిడే స్వయంగా...”

“ఎక్కడ చెప్పింది? ఎవరితో చెప్పింది?” ఆయన కళ్లు తెరిచారు. “కామందు ఇంటి ఆడమనిషి పశువుల చావిట్లో కూర్చుని నీతో మాట్లాడిందని నేను అచ్చులో రాయాలా? ఆ ఇంటి పరువేం కావాలి? నీ ఒళ్లేం కావాలి? ఆలోచించావా?”

ఆలోచించలేదు. అప్పుడే ఆలోచించాను. ఆయన ఆ ప్రకరణం ఇంగ్లీషులో చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. తమ్ముడు నది దాటి పారిపోయెను, చనిపోయెనన్న వదంతి నిరాధారము. దాన్ని గుండ్రటి అక్షరాలతో సాపు రాసి ఇచ్చింది నేనే. పీఠికలోంచి నా పేరు తీసెయ్యండని నోటిదాకా వచ్చింది. నోరు దాటలేదు.

పుస్తకం వర్షాకాలంలో అచ్చయింది. గంగరాజు గారికి ఒక కాపీ కానుకగా వచ్చింది. నేను ఆ ఇంటి వైపు పోవడం మానేశాను. అలా ఉండలేక, ఆ ఏడు కార్తీకంలో పంచాంగం ఉన్నవాణ్ణి అడిగి తిథి కనుక్కుని, ద్వాదశి నాడు పొద్దున్నే చావిట్లోకి వెళ్లాను. ఆవిడతో నా నోటితో చెప్పేద్దామనే వెళ్లాను. ఇది నిజం. నమ్మితే నమ్మండి.

పురోహితుడు వచ్చి ఉన్నాడు. గంగరాజు గారు చేటతో నిలబడి పెదాలు కదిపారు. మాణిక్యాంబ గారు వంటింట్లోంచి వచ్చి ఆయనకెదురుగా నిలబడ్డారు.

“పేరు గట్టిగా చెప్పండి బావగారూ. వాగవతల ఉన్నవాళ్లకి వినపడేట్టు చెప్పడం మీకు చేతనేగా.”

ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

“మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను. బుల్లబ్బాయి!”

మొగుడి పేరు ఆవిడ నోట రావడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి అరుగు రాతికేసి కొట్టుకున్నారు. గాజులు పగిలి వాకిలంతా చెదిరాయి. మణికట్టు మీంచి నెత్తురు కారుతుంటే ఆ చేత్తోనే కొంగు పట్టుకుని బొట్టు తుడిచేసుకున్నారు. చేట పడిపోయింది. పెండలం దుంపలు దొర్లుకుంటూ చావిడి దాకా వచ్చాయి.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. “మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకుందమ్మా! పిచ్చి గాని పట్టలేదు గదా!” అని గోల. పురోహితుడు గంగరాజు గారి మొహం చూసి, నేల చూసి, ఏమీ అనలేదు. గట్టున నాతో అన్నమాట ఆయనకు గుర్తులేదు కాబోలు. ఏటా చేట అందుకునే చెయ్యి.

అప్పుడు గంగరాజు గారికి నేను కనబడ్డాను. లోపలికి మనిషిని పంపించి పుస్తకం తెప్పించారు.

“మేస్టరూ, ఇటు రా. వాకిట్లోకి రా. ఫర్వాలేదు రా.”

నలభై ఏళ్ల నా వయసులో ఆ వాకిట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. పుస్తకం నా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టారు. నేను తీసుకున్నాను.

“ఇందులో నీ పేరుంది. విచారించి తేల్చింది నువ్వేనని రాశారు. మా తమ్ముడి సంగతి ఏం రాసుందో చదివి, తెలుగులో చెప్పు. అందరూ వింటారు.”

ఆయన కళ్లల్లో బెదిరింపు ఉంటే బాగుండేది. లేదు. బతిమాలుతున్నారు. ఆ కళ్లు చూశాను, కాలవ అవతల దిబ్బ మీద బడి పాక కనబడింది, కోతలకు దిగిన మా పల్లెవాళ్లు కనబడ్డారు. మాణిక్యాంబ గారు నెత్తురు చేతులు కిందకు వేలాడేసుకుని నా నోటికేసి చూస్తున్నారు. ఆవిడ మొహంలో ఆశ. ఆవిడ అడిగిన పుస్తకం అదే కదా. లోపల ఏముందో ఆవిడకింకా తెలియదు.

పేజీ తీశాను. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతోనే చదివాను. “బుల్లబ్బాయి అనువాడు గోదావరి దాటి పారిపోయినాడు. చనిపోయెనన్నది అబద్ధము.”

“విన్నారుగా” అన్నారు ఎవరో.

చిన్నమ్మాయి పెళ్లికి కొన్న గాజుల్లో మిగిలినవి పెట్లో ఉన్నాయి. తెచ్చారు. నలుగురు ఆడవాళ్లు ఆవిణ్ణి పట్టుకుని కూలేశారు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. చీరుకుపోయిన మణికట్ల మీదుగా పచ్చగాజులు ఒక్కొక్కటే ఎక్కించారు. ఒకావిడ నుదుట కుంకం అద్దింది. మాణిక్యాంబ గారు పెనుగులాడలేదు. చివరిదాకా నావైపే చూశారు.

నాలుగేళ్లయింది. బడి పాక దిబ్బ మీదే ఉంది. గంగరాజు గారు పైకప్పుకి కొత్త తాటాకు కూడా వేయించారు. ద్వాదశికి చేట ఇప్పుడు లోపలి గదిలోనే ఇస్తున్నారట.

కిందటి నెల పల్లెలో కూలీల తగువు మీద ఆ చావిట్లో కూర్చోవలసి వచ్చింది. ఆవిడే మజ్జిగ తెచ్చారు. నా దోసిట్లో పోస్తుంటే చేతుల మీద మచ్చలు కనబడ్డాయి. నేను తాగలేకపోయాను. మజ్జిగ వేళ్లసందుల్లోంచి కారిపోయింది. క్షమించమ్మా అన్నాను. బడి గురించి చెప్పాను, పల్లె గురించి చెప్పాను, భయమేసిందని చెప్పాను.

ఆవిడ అంతా విన్నారు.

“మా బావగారు అప్పుడు కాల్చొద్దని అరిచారన్నావు కదా మేస్టారూ” అన్నారు. “నువ్వు అదీ అరవలేదు.”

చెంబులో మిగిలిన మజ్జిగ కుడితి తొట్లో వంపి, గాజులు పైకి తోసుకుని, ఎద్దుకు మేత వెయ్యడానికి వెళ్లారు.